కొలవని అంకెలు

పదో తరగతి సైన్సు రికార్డులు ముప్పై ఎనిమిదీ విజయశ్రీ బల్ల మీద రెండు దొంతరలుగా ఉన్నాయి. ఎడమవైపువి చూడాల్సినవి, కుడివైపువి చూసేసినవి. భోజనాల గంట అయిన దగ్గర్నుంచీ ఆమె చెయ్యి ఒకే పని చేస్తోంది. పేజీ తిప్పడం, ఎర్ర పెన్నుతో టిక్కు, అడుగున పొట్టి సంతకం, పక్కన తేదీ. ఆ తేదీ ఇవాళ్టిది కాదు. ఇవాళ జనవరి చివరి బుధవారం. రికార్డుల్లో మాత్రం జూలై, ఆగస్టు, సెప్టెంబరు నడుస్తున్నాయి. ఏ ప్రయోగానికి ఏ తేదీ వేయాలో ప్రిన్సిపాల్ తారామణి టైపు చేయించి ఇచ్చిన కాగితం పెన్నుల డబ్బా కింద రెపరెపలాడుతోంది.

శనివారం పరిశీలనకు వస్తున్నారు. పదో తరగతిలో ప్రతి సబ్జెక్టుకూ ఇరవై మార్కులు బడివాళ్లే వేస్తారు. అవి సరిగ్గా వేశారో లేదో చూడటానికి సర్కారు బడి టీచర్లను పంపుతారు. నాచారంలోని ఈ బడికీ ఏటా ఎవరో ఒకరు వస్తారు. రికార్డులు తిరగేస్తారు, టీ తాగుతారు, సంతకం పెట్టి వెళతారు. విజయశ్రీ ఇక్కడ చేరి తొమ్మిదేళ్లయింది. ఇన్నేళ్లలో ఎవరూ ఏమీ అడిగిన పాపాన పోలేదు.

ఇరవై ఆరో రికార్డు దగ్గర చెయ్యి ఆగింది.

కాన్వెక్స్ లెన్సు ప్రయోగం. లెన్సుకు ఒకవైపు కొవ్వొత్తి పెట్టి, రెండోవైపు తెల్లకాగితం మీద దాని బొమ్మ ఎంత దూరంలో పడుతుందో కొలవాలి. ఆ రెండు దూరాల నుంచి లెన్సు ఫోకల్ లెంగ్త్ లెక్కగట్టాలి. బొమ్మ శ్రద్ధగా గీసి ఉంది. ఎలా చేయాలో గైడులోది దింపకుండా సొంత మాటల్లో రాసి ఉంది. పట్టిక పెన్సిలుతో, స్కేలు పెట్టి గీసింది. గడులు మాత్రం ఖాళీ.

మర్చిపోయిందనుకుని పేజీలు వెనక్కి తిప్పింది. లిట్మస్ కాగితం నిమ్మరసంలో ముంచిన ప్రయోగం నిండుగా ఉంది. అది విజయశ్రీ క్లాసులో చేసి చూపించింది. ఇనుప మేకును మైలుతుత్తం నీళ్లలో వేసిందీ ఉంది. మిగతా ఆరింటిలోనూ పట్టికలు ఖాళీ. ఆ ఆరూ బోర్డు మీద రాసిచ్చినవి.

అట్ట మీద పేరు చూసింది. అమూల్య. రెండో బెంచీలో గోడవైపు కూర్చుంటుంది. అడిగితే చెబుతుంది, అడక్కపోతే నోరు విప్పదు.

ఆఖరి పీరియడులో పిలిపించింది. అమ్మాయి వచ్చి బల్లకు అడుగు దూరంలో నిలబడింది.

"ఇవి రాయడం మర్చిపోయావా?"

"లేదు మేడమ్."

"మరి?"

"అవి మనం చెయ్యలే కద మేడమ్."

అందులో ఎదురు తిరగడం లేదు. ఇంటికి దారి చెప్పినట్టు చెప్పింది.

"బోర్డు మీద అంకెలు రాసిచ్చాను. అందరూ రాసుకున్నారు."

"రాసిచ్చిన్రు. నేను గూడ రఫ్ బుక్కుల రాసుకున్న. కాని రికార్డుల పైన 'నా పరిశీలనలు' అని ఉన్నది మేడమ్. నేను చూడలే. ఒక్కసారి చేపిస్తే రాసేస్త. పది నిమిషాలు చాలు."

విజయశ్రీకి కోపం రావాల్సింది. రాలేదు. ల్యాబు రెండో అంతస్తులో ఉంది. జూన్ నుంచీ అందులో యూనిఫాం మూటలు, నోటుబుక్కుల కట్టలు పేర్చి ఉన్నాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఇప్పుడు టైము లేదమ్మా. రేపటికి రాసి తీసుకురా."

అమ్మాయి రికార్డు తీసుకోవడానికి చెయ్యి చాపలేదు. ఆ సమయంలోనే తారామణి స్టాఫ్ రూములోకి వచ్చింది. చలువ కళ్లద్దాలు తలపైకి తోసుకుని, నిలబడే రెండు రికార్డులు తిప్పింది, మూడోదిగా బల్ల మీంచి అమూల్యది తీసుకుంది. ఖాళీ గడుల మీద ఆమె గోరు ఒక్కోటీ తాకుతూ వెళ్లింది.

"ఏమిటిది?"

విజయశ్రీ జవాబు వెతుక్కునేలోగా అమూల్య మళ్లీ అదే మాట చెప్పింది. అవి చెయ్యలేదని.

తారామణి గొంతు పెంచే మనిషి కాదు. రికార్డు మూసి చంకలో పెట్టుకుంది. "రేపు పదింటికి వాళ్ల నాన్నను రమ్మనండి" అని విజయశ్రీతో చెప్పి వెళ్లిపోయింది.

*

రామకృష్ణ పదికి పది నిమిషాల ముందే వచ్చాడు. నాచారం పారిశ్రామికవాడలో ఒక లేత్ వర్క్‌షాపులో తయారైన ముక్కలు కొలిచి చూసే పని అతనిది. డ్యూటీలోంచి ఇటే వచ్చినట్టున్నాడు, నీలం చొక్కా జేబులో మడిచిన గుడ్డపీలిక, వేళ్ల సందుల్లో పోని నూనె నలుపు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఏం జేసింది మేడమ్ మా బిడ్డ?"

తారామణి రికార్డు తెరిచి అతని వైపు తిప్పింది. అతను పట్టికను దగ్గరికి తెచ్చుకుని చూశాడు. అక్షరాలు చదవకుండా సూటిగా గడుల్లోకే చూడటం విజయశ్రీ గమనించింది.

"ఖాళీ ఉన్నయి" అన్నాడు.

"అందుకే పిలిపించాను. శనివారం ఆఫీసర్లు వస్తున్నారు. ఇది చూస్తే మార్కులు కట్ చేస్తారు. మీ అమ్మాయికే కాదు, ముప్పై ఎనిమిది మందికీ. మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కకపోతే హాల్ టికెట్ల దగ్గర ఇబ్బంది. తర్వాత మా మీద పడి ఏడ్చి లాభం లేదు."

హాల్ టికెట్ అనగానే రామకృష్ణ మొహంలో రంగు మారింది. కూతురి వైపు తిరిగాడు. అమూల్య తలుపు పక్కన, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది.

"ఎందుకు రాయలే బిడ్డా?"

"కొలవలే డాడీ."

"మేడమ్ చెప్పిన్రు కద. రాసెయ్."

"నువ్వు కొలవకుండ రాస్తవా?"

తారామణికి ఆ మాటలో ఏముందో తెలియలేదు. తెలిసిన మనిషి ఒక్క రామకృష్ణే. జేబులోంచి గుడ్డ తీసి, తుడవడానికేమీ లేకపోయినా వేళ్లు తుడుచుకున్నాడు. విజయశ్రీ అతని నోటి వంక చూస్తోంది. అతను వద్దంటే బాగుండునని ఆమెకు అనిపించింది. అంటే తను పడాల్సిన అవస్థ గుర్తొచ్చి, అనకుంటేనే బాగుండుననీ అనిపించింది.

"అది వేరు" అన్నాడు చివరికి. కూతురితో అంటూ నేల చూశాడు. "అది పని. ఇది ఇస్కూలు."

అమూల్య తలుపు పక్కనుంచి రెండడుగులు ముందుకొచ్చింది.

"హరిచందన రికార్డు తెచ్చి ఇవ్వండి. ఇక్కడే కూర్చుని రాస్తుంది" అంది తారామణి. హరిచందన విజయశ్రీ కూతురు. అదే క్లాసు. బడిలో తల్లిని 'మేడమ్' అనే పిలుస్తుంది. ఏటా పరిశీలనకొచ్చినవాళ్లకు ముందుగా చూపించే రికార్డు క్లాసులో ఎవరిది చక్కగా ఉంటే వాళ్లది, ఈసారి అది హరిచందనదే.

ఆఫీసు బయట ఫీజుల కిటికీ పక్కన ఉన్న చిన్న బల్ల దగ్గర అమూల్య కూర్చుంది. రామకృష్ణ గేటు దాకా వెళ్లి, వెనక్కి చూసి, బండి స్టార్టు చేసుకుని పోయాడు. బల్ల మీద ఎడమవైపు హరిచందన రికార్డు, కుడివైపు అమూల్యది. కొవ్వొత్తి దూరం ముప్పై, బొమ్మ దూరం అరవై, ఫోకల్ లెంగ్త్ ఇరవై. నలభై, నలభై, ఇరవై. అరవై, ముప్పై, ఇరవై. అమ్మాయి రాత గుండ్రంగా ఉంటుంది. అంకెలు దించుతుంటే మాత్రం హరిచందన అంకెల్లాగే సన్నగా, కుడివైపు వాలి పడుతున్నాయి. ఆ పోలిక రాకుండా ఉండాలన్న ప్రయత్నం కూడా లేదు.

విజయశ్రీ పక్కనే నిలబడింది. ఏడుస్తుందేమో, ఏడిస్తే ఏమనాలో అని మాటలు సిద్ధం చేసుకుంది. అమ్మాయి ఏడవలేదు. ఆరు పట్టికలూ నింపి, కలం పైకెత్తి అడిగింది:

"లెన్సు దానికి డేట్ ఏం వెయ్యాలె మేడమ్?"

విజయశ్రీ చేతిలో ఉన్న తేదీల కాగితం చూసింది. "ఆగస్టు పద్నాలుగు."

అమూల్య రాసింది. మిగతా ఐదింటికీ అలాగే అడిగి రాసి, రికార్డు రెండు చేతులతో అందించింది.

*

శుక్రవారం పొద్దున అసెంబ్లీ అయ్యాక పదో తరగతికి పాఠాలు లేవు. శనివారం వచ్చేవాళ్లు ఏమడిగితే ఏం చెప్పాలో నేర్పించమని తారామణి ఆర్డరు. విజయశ్రీ నల్లబల్ల ముందు నిలబడి అడిగింది, పిల్లలు లేచి చెప్పారు. ల్యాబుకు వారానికెన్నిసార్లు వెళతారు? రెండుసార్లు సార్. లెన్సు ప్రయోగం ఎవరు చేయించారు? విజయశ్రీ మేడమ్ సార్. మొదట్లో కొందరు నవ్వుకున్నారు. కౌశల్ అనే అబ్బాయి 'వారానికి మూడుసార్లు' అని పెంచేశాడు. పదకొండయ్యేసరికి నవ్వు పోయింది. ప్రార్థన చెప్పినట్టు చెప్పసాగారు.

"అమూల్యా, బొమ్మ ఎలా వచ్చింది?"

"తలకిందులుగా వచ్చింది మేడమ్. నలభై దగ్గర పెడితే అంతే సైజు, ముప్పై దగ్గర పెడితే పెద్దది."

ఒక్క తప్పు లేదు. క్లాసు మొత్తంలో ఆ అమ్మాయే బాగా చెప్పింది. విజయశ్రీ 'గుడ్' అని, తర్వాతి పిల్లను లేపింది.

సాయంత్రం నాలుగున్నరకు, పిల్లలు వెళ్లాక, ల్యాబు తుడిపించే పని ఆమె మీద పడింది. మూటలు ఒక మూలకు జరిపించి, ఆయాను కిందికి పంపించి, అద్దాల బీరువా తెరిచింది. రెండో అరలో అట్టపెట్టె. లోపల పత్తిలో చుట్టిన లెన్సు. అంచు పొడవునా మట్టిచార. తొమ్మిదేళ్లలో ఆ పెట్టె మూత తను ఒక్కసారీ తీయలేదు. చేరిన ఏడాది తనకంటే ముందు పనిచేసినాయన వదిలిపోయిన రికార్డు ఒకటి దొరికింది. అంకెలు అందులోంచి వచ్చినవే. తర్వాత ఏటా బోర్డు మీదికి ఎక్కాయి.

లెన్సును చీరకొంగుతో తుడిచింది. ఎదుటి గోడ మీద డ్రాయింగ్ షీటు ఒకటి వేలాడుతోంది. కిటికీవైపు లెన్సు పట్టుకుని ముందుకూ వెనక్కూ జరిపింది. ఒకచోట ఉన్నట్టుండి, వీధికవతల మూడంతస్తుల ఇంటిమీద నల్లటి నీళ్లట్యాంకు తలకిందులుగా షీటు మీద వచ్చి నిలబడింది. ట్యాంకు మీద వాలిన పావురం కూడా ఉంది. అది మెడ తిప్పడం కూడా తెలుస్తోంది. విజయశ్రీ అలాగే చూస్తూ ఉండిపోయింది. డిగ్రీలో బాపట్లలో ల్యాబు మాస్టారు దీన్ని చూపించినప్పుడు క్లాసంతా ఒకేసారి ఊపిరి పీల్చిన చప్పుడు చెవికి తగిలింది.

దూరపు వస్తువు బొమ్మ ఎక్కడ పడితే అదే దాదాపు ఫోకల్ లెంగ్త్. ఆమె స్కేలు తీసి, షీటు నుంచి లెన్సు దాకా పెట్టింది.

పదిహేను.

స్కేలు తిరగేసి పట్టుకున్నానేమో అనుకుంది. మళ్లీ కొలిచింది. కొవ్వొత్తి వెలిగించి, పుస్తకాలు దొంతర పెట్టి, లెన్సును మైదా ముద్దతో నిలబెట్టి మూడుసార్లు కొలిచింది. పదిహేనుకు కాస్త అటూ ఇటూ. ఇరవై ఎక్కడా లేదు. నలభై దగ్గర కొవ్వొత్తి పెడితే బొమ్మ ఇరవైనాలుగు దగ్గర పడింది, సగానికి కాస్త పెద్ద సైజులో.

ఆమె యూనిఫాం మూట మీద కూర్చుండిపోయింది. చేయని ప్రయోగం చేసినట్టు రాయించడం ఒక ఎత్తు. ఆ రాయించింది కూడా తప్పని ఇన్నేళ్లలో ఒక్క మనిషికీ తెలియలేదు. ఎన్ని బ్యాచులు వెళ్లిపోయాయో, ఎంతమంది పిల్లలు ఇరవై అని రాసి, ఇరవై అని చదివి, ఇరవై మార్కులు తీసుకుపోయారో లెక్కపెట్టబోయి మానేసింది.

ఆఫీసులో తారామణి బ్యాగు సర్దుకుంటోంది. విజయశ్రీ నిలబడే చెప్పింది.

"మేడమ్, మన లెన్సు పదిహేను సెంటీమీటర్లది. రికార్డులన్నింటిలో ఇరవై అని ఉంది."

"అయితే?"

"తప్పు కదా."

"లెన్సును ఎవరు కొలుస్తారు విజయశ్రీ?" తారామణి ఫోనుకు చార్జరు తీస్తూ అంది. "పెట్టెలో పెట్టి తాళం వేసేయండి. మీ పాప కూడా ఇదే బ్యాచ్ కదా. పరీక్షలు నెలన్నరలోకి వచ్చాయి. ఇప్పుడు ఇవన్నీ తవ్వుకోవద్దు."

చిల్కానగర్ మీదుగా స్కూటీ మీద ఇంటికి వెళుతుంటే వెనక కూర్చున్న హరిచందన అడిగింది. "ఆ అమూల్యకు ఎందుకమ్మా అంత పొగరు? అందరం రాశాం కదా."

పారిశ్రామికవాడ వైపు నుంచి ఘాటు వాసన గాలిలో వస్తోంది. విజయశ్రీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

*

శనివారం వచ్చినాయన పేరు సీతారామయ్య. సర్కారు హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతాడు. రిటైర్మెంటు దగ్గర పడిన మనిషి, తెల్లచొక్కా, భుజానికి గుడ్డసంచి. టీ వద్దన్నాడు, మంచినీళ్లు తాగాడు. లైబ్రరీ గదిలో ఆయన కోసం బల్ల వేసి, రికార్డులు పేర్చి, పైన హరిచందనది పెట్టారు. ఆయన దాన్ని పక్కన పెట్టి, దొంతర మధ్యలోంచి ఐదు లాగాడు. చాలా బళ్లు తిరిగిన చేతులు, పేజీలు తిప్పడంలోనే తెలుస్తోంది. నాలుగు రికార్డులు నాలుగు నిమిషాల్లో అయ్యాయి. ఐదోది పట్టుకుని ఆగాడు.

"ఈ అమ్మాయి ప్రొసీజర్ సొంతంగ రాసింది. గైడుల లేదిట్ల. ఎవరిది? పిలువున్రి."

అమూల్య వచ్చింది. తారామణి ఆయన కుర్చీ వెనక, విజయశ్రీ కిటికీ పక్కన. సీతారామయ్య అమ్మాయిని ఆప్యాయంగానే చూశాడు.

"లెన్సు ప్రయోగం నువ్వే చేసినవా బిడ్డా?"

అమూల్య కళ్లు ఒక్కసారి విజయశ్రీ మీదికి వచ్చి వెళ్లిపోయాయి.

"చేసినం సార్."

"నలభై సెంటీమీటర్ల దగ్గర కొవ్వొత్తి పెట్టినవు. బొమ్మ ఏడ పడ్డది?"

"నలభై దగ్గర్నే సార్. తలకిందులుగ. అంతే సైజు."

"నీ కండ్లతోని చూసినవు?"

"చూసిన సార్."

చేతులు వెనక్కి కట్టుకుని, గురువారం ఆఫీసులో నిలబడ్డట్టే నిలబడింది. సీతారామయ్య 'శభాష్' అని కలం తీశాడు. తారామణి భుజాలు దిగాయి.

విజయశ్రీకి కూడా ఊపిరి తేలిక కావాలి. మూడు రోజులుగా ఎదురుచూసింది ఈ నిమిషం కోసమే. ఇంకో పావుగంటలో సంతకాలవుతాయి, ఆయన సంచి భుజాన వేసుకుంటాడు, సోమవారం నుంచి రివిజను. కానీ ఆమె ఆ అమ్మాయి మొహమే చూస్తోంది. బుధవారం 'చూడలే' అన్న నోరు ఇవాళ 'చూసిన' అంది. రెండూ ఒకే గొంతుతో అంది. మూడు రోజుల్లో ఈ బడి ఆ పిల్లకు నేర్పింది ఇదొక్కటే. నేర్పింది తారామణి కాదు, పక్కన నిలబడి తేదీ చెప్పిన మనిషి.

"సార్" అంది విజయశ్రీ. "ఆ పాప చేయలేదు."

కలం కాగితానికి ఆనకుండా ఆగింది.

"ఎవరూ చేయలేదు. అంకెలు నేనిచ్చాను. ఈ అమ్మాయి రాయనంది, చేయిస్తే రాస్తానంది. మేమే కూర్చోబెట్టి రాయించాం."

"విజయశ్రీ" అంది తారామణి.

"అంకెలు కూడా తప్పు సార్. మా లెన్సు ఇరవైది కాదు, పదిహేనుది. నిన్న సాయంత్రం కొలిచాను. నలభై దగ్గర పెడితే బొమ్మ ఇరవైనాలుగు దగ్గర పడుతుంది."

సీతారామయ్య కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ ఐదు రికార్డులనూ ఒకదాని మీద ఒకటి సర్దాడు. అమూల్య మెడ దగ్గర్నుంచి చెవుల దాకా ఎర్రబడటం విజయశ్రీ చూసింది. దాని గురించి ఆమె ముందుగా ఆలోచించలేదు.

"మా బళ్లె లెన్సే లేదు మేడమ్" అన్నాడాయన. "కావాలని ఇండెంటు పెట్టి నాలుగేండ్లయింది. మేం గూడ బోర్డు మీదనే రాపిస్తం. మీరు చెప్పకపోతే నాకు తెల్వకపోవు, నేను అడగకపోదును. కాని ఇన్నంక ఇననట్టు సంతకం పెట్టుడు నాతోని కాదు."

"సార్, ఆవిడకు ఒంట్లో బాగా లేదు, మీరు కాస్త నా రూములోకి..." తారామణి మొదలుపెట్టింది.

"ఆమె బాగనే ఉన్నది మేడమ్." ఆయన ముప్పై ఎనిమిది పేర్ల పట్టిక ముందుకు లాక్కుని, ఇరవైలో రికార్డుకు వేసిన ఐదు మార్కులను వరసగా కొట్టేసి, పక్కన రెండు వేసుకుంటూ వెళ్లాడు. హరిచందన పేరు దగ్గర కలం ఆగలేదు. ఆయనకు ఎందుకాగుతుంది. అన్నీ అయ్యాక తలెత్తాడు. "మళ్ల చేపిస్తరా పిల్లలతోని?"

"చేయిస్తాను."

"చేపిచ్చినా ఇవి మారయి."

"తెలుసు సార్."

ఆయన సంచి తీసుకుని వెళ్లాక తారామణి అరవలేదు. "సోమవారం మాట్లాడదాం" అని మాత్రం అంది. అది అరుపు కంటే ఎక్కువ.

వరండాలో అమూల్య నీళ్ల ఫిల్టరు దగ్గర నిలబడి ఉంది. తాగడం లేదు. విజయశ్రీ దగ్గరికి వెళ్లింది.

"అమూల్యా..."

"మీరు చెప్పమన్నదే చెప్పిన మేడమ్." గురువారం రాని నీళ్లు ఇప్పుడు అమ్మాయి కళ్లల్లోకి వచ్చాయి. "నాకిష్టం లేకున్నా చెప్పిన. మీకు, డాడీకి పరేషాన్ అయితదని. మళ్ల మీరే లేచి, నేను అబద్ధమాడిన అని సార్ ముంగట చెప్పిన్రు. బుధవారం నేను నిజమే చెప్పిన కద. అప్పుడెందుకు చెప్పలే మీరు?"

అమ్మాయి చున్నీతో మొహం తుడుచుకుని క్లాసులోకి వెళ్లిపోయింది.

సాయంత్రానికల్లా తల్లిదండ్రుల గ్రూపులో మెసేజీలు మొదలయ్యాయి. ఎవరి తప్పుకు ఎవరికి కోత, మేనేజ్‌మెంట్ ఏం చేస్తోంది, ఆ టీచరెవరు. ఇంట్లో హరిచందన గది తలుపు వేసుకుంది. తండ్రి గిరిప్రసాద్ పిలిస్తే అన్నానికి వచ్చింది, తల్లి వడ్డించబోతే కంచం పక్కకు జరుపుకుంది.

"ఎవరో రాయనందని నా మార్కులు కూడా తీయించావు."

"అవును, తీయించాను" అంది విజయశ్రీ.

"నా రికార్డు ఎంత నీట్‌గా రాశానో తెలుసా నీకు?"

"తెలుసు. ఐదుకు ఐదూ వేసింది నేనే కదా. ఆ అంకెలు నీకు రాసిచ్చిందీ నేనే."

హరిచందన ఆదివారమంతా మాట్లాడలేదు.

*

సోమవారం మొదటి పీరియడు గంట కొట్టగానే విజయశ్రీ అటెండెన్సు తీసుకోలేదు. పిల్లలందరినీ రెండో అంతస్తుకు తీసుకెళ్లింది. కిటికీలకు చార్టులు అడ్డం పెట్టి గది చీకటి చేయించింది. కొవ్వొత్తి, లెన్సు, తెల్లషీటు, మీటరు స్కేలు బల్ల మీద పెట్టింది. పిల్లలు మూటల మీదా కట్టల మీదా సర్దుకున్నారు. హరిచందన చివర్న, తలుపు దగ్గర. అమూల్య గోడకు ఆనుకుని, రికార్డు గుండెలకు అదుముకుని.

ఏం మాట్లాడాలో ఆదివారమంతా అనుకుంది. తీరా నిలబడ్డాక వాటిలో ఒక్కటీ మిగల్లేదు.

"శనివారం సారు ముందు అమూల్య అబద్ధం చెప్పిందని మీలో కొందరు అంటున్నారట. అది నేను నేర్పిన పాఠం. శుక్రవారం మీ అందరికీ నేర్పాను, అందరూ అప్పజెప్పారు. బుధవారం తను నిజం చెప్పినప్పుడు నేను పక్కనే ఉండి నోరు మూసుకున్నాను. అమూల్యా, తప్పు నాది. నీకు క్షమాపణ చెబుతున్నాను."

టీచరు ఆ మాట అనడం వాళ్లలో ఎవరూ విని ఉండరు. ఏం చేయాలో తెలియక కౌశల్ తన చెప్పుల వంక చూసుకున్నాడు. అమూల్య కూడా తలెత్తలేదు. క్షమించినట్టు గానీ క్షమించనట్టు గానీ ఆ మొహంలో ఏమీ లేదు. విజయశ్రీ మరి బతిమాలలేదు. కొవ్వొత్తి వెలిగించి పక్కకు తప్పుకుంది.

"కొవ్వొత్తి ముప్పై దగ్గర ఉంది. బొమ్మ ఎక్కడ పడుతుందో ఎవరు చూస్తారు?"

ఎవరూ రాలేదు. మైనం ఒక బొట్టు జారి గడ్డకట్టింది. వంద దాకా లెక్కపెట్టేంత సేపయ్యాక అమూల్య గోడను వదిలింది. రికార్డు కట్ట మీద పెట్టి, బల్ల దగ్గరికొచ్చి, షీటును రెండు చేతులా పట్టుకుని కొద్ది కొద్దిగా వెనక్కి జరిపింది. మసగ్గా ఉన్న వెలుగు ముద్ద చిక్కబడుతూ వచ్చి, తలకిందులైన మంటగా నిలిచింది. గాలికి మంట ఇటు వంగితే బొమ్మ అటు వంగింది. ఎవరో "అబ్బ" అన్నారు.

అమూల్య స్కేలు పెట్టి, ఒక కన్ను మూసి చదివింది. "ముప్పై పాయింట్ ఆరు."

"ముప్పై అని రాయి" అన్నాడు కౌశల్. "అప్పుడు ఫోకల్ లెంగ్త్ రౌండుగ పదిహేను వస్తది. మేడమ్, పాయింట్ ఆరు తీసెయ్యొచ్చు కద?"

విజయశ్రీ నోరు తెరవబోయింది. అమూల్య షీటు మీంచి చూపు తిప్పకుండానే అంది.

"ముప్పై కాదు. నువ్వొచ్చి చూడు."

కౌశల్ వచ్చాడు. వంగి చూసి, షీటును వెంట్రుకవాసి జరిపి, "నాకు పాయింట్ మూడే" అన్నాడు. అతని వెనక ఇద్దరు లేచారు. వాళ్ల వెనక ఇంకో నలుగురు. బల్ల చుట్టూ తలలు మూగి కొవ్వొత్తి వెలుగు కనబడకుండా పోతే, జరగమని ఒకళ్లనొకళ్లు తోసుకున్నారు.

తలుపు దగ్గర ఆయా నిలబడింది. "మేడమ్, పెద్దమేడమ్ రమ్మంటుంది. మీ నౌకరి కాయితమేదో టైపు చేసి పెట్టిన్రంట. రెండోసారి వచ్చిన నేను."

"వస్తున్నాను."

విజయశ్రీ బల్ల వైపు చూసింది. ఆమె బయలుదేరడం ఎవరూ గమనించలేదు. తలుపు పక్కన హరిచందన లేచి నిలబడి, మునివేళ్ల మీద మెడ చాచి చూస్తోంది. తల్లి పక్కనుంచి దాటుతుంటే తప్పుకుని దారిచ్చింది, ఆ వెనకే గుంపు వైపు రెండడుగులు వేసింది.

మొదటి అంతస్తు మెట్ల మలుపులో విజయశ్రీ ఆగింది. పైనుంచి గొంతులు వస్తున్నాయి. పాయింట్ ఆరు కాదు, నాలుగు. నువ్వు స్కేలు వంకర పెట్టినవ్. అంచు మసగ్గుంది చూడు, ఇంకా జరపాలె. కదిలియ్యకు. వాటి మధ్య కూతురి గొంతు, రెండు రోజుల తర్వాత మొదటిసారి: "ఒక్క నిమిషం జరుగు అమూల్యా, నన్ను చూడనీ."

ఏది సరైనదో చెప్పమని ఎవరైనా 'మేడమ్' అని పిలుస్తారేమో అని ఆమె కాసేపు విన్నది. ఎవరూ పిలవలేదు. రెయిలింగ్ వదిలి, ఆఫీసు గదిలోకి దిగి వెళ్లింది.